మూడేళ్ళ రెండు నెలలు

మామూలు కారు కోటి పది లక్షల తుగ్రికులు.
హైబ్రిడ్ కోటి ఎనభై.
మధ్యలో డెబ్బై లక్షల గొయ్యి.
ఉలాన్‌బాతర్ కార్ల సంతలో
చేతి తొడుగు పళ్ళతో లాగి
లెక్క వేద్దామని కూచున్నాను.
పెన్నులో ఇంకు గడ్డకట్టింది.
పెన్సిలుతో వేశాను.

రోజుకి అరవై కిలోమీటర్లు:
ఆసుపత్రి వంటశాలకి పోయి రావడం,
దారిలో చెయ్యి చాచినవాళ్ళని ఎక్కించుకోవడం,
ఇక్కడ ప్రతి కారూ సగం టాక్సీయే.
రెండున్నర లీటర్లు మిగులు,
అంటే ఆరు వేలు,
అంటే గొయ్యి పూడడానికి
మూడేళ్ళ రెండు నెలలు.
ఈలోగా బ్యాటరీ చచ్చిందా,
ఇంకో పద్నాలుగు నెలలు.

"పెద్ద బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది?"
మెకానిక్ దవాజావ్‌ని అడిగాను.
"నీ మోకాళ్ళు ఎన్నాళ్ళొస్తాయి?" అన్నాడు
కారు కింద నుంచే.

చొయ్‌జిల్ బాబాయి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు,
సంతలో గుర్రం చుట్టూ తిరిగినట్టు.
"రెండు తలల గుర్రం.
ఏ తలకి గడ్డి వేస్తావు?
రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు
ఏమవుతాడో తెలుసుగా?"
సముద్రం ఎన్నడూ చూడని మనిషి
పడవల సంగతి చెబుతున్నాడు.
ఆయనది రష్యన్ జీపు, ఆయన కన్నా రెండేళ్ళు చిన్నది.
సుత్తి, తీగ, ఒక బూతు
ఈ మూడూ దగ్గరుంటే నడుస్తుంది.

కొత్త బండి చక్రాలకి పాలు చల్లడం మా ఆనవాయితీ.
ఆయన చల్లలేదు.
"అప్పు తీరాక చల్లుతాలే" అన్నాడు.

కొన్నాను.

జపాన్‌లో ఎవరో పదకొండేళ్ళు వాడిన కారు.
సీటు సందులో చిన్నపిల్లల క్లిప్పు ఒకటి దొరికింది.
ఇప్పటికీ తాళం తిప్పగానే ఒకావిడ
ఎంతో మర్యాదగా ఏదో చెబుతుంది.
అర్థం కాదు. "సరేనమ్మా" అంటాను.
తెర మీది పటంలో ఈ ఊరు లేదు.
అంతా నీలం.
బొగ్గుపొగలో, మంచు గతుకుల్లో
నేను రోజూ సముద్రం మీద పనికి పోతున్నాను.

నిజం చెప్పాలి:
చలికాలం లెక్క తప్పింది.
మైనస్ ముప్పై ఆరులో
లోపల వెచ్చగా ఉండాలంటే ఇంజను తిరగాల్సిందే.
ఆరు వేలు అనుకున్నది
నాలుగుకి దిగింది. పెన్సిలు కాబట్టి
చెరిపి రాసుకున్నాను.

కానీ
పాత కారుతో ఏడు శీతాకాలాలు
అర్ధరాత్రి దాటి మూడింటికి లేచేదాన్ని.
కోటు మీద కోటు వేసుకుని, నాలుగంతస్తులు దిగి,
ఫెల్టు దుప్పటి తీసి, ఇంజను ఇరవై నిమిషాలు తిప్పి,
మళ్ళీ కప్పి, మళ్ళీ ఎక్కి,
చల్లటి కాళ్ళతో పక్కలో దూరేదాన్ని.
ఇప్పుడు దిగడం లేదు.
ఆరింటికి బటన్ నొక్కితే లేస్తుంది.
ఆ మూడు గంటల నిద్రని
లీటరుకి ఎంత చొప్పున కట్టాలి?

తెల్లనెల పండగ ముందురోజు
బాబాయి జీపు సుత్తికీ లొంగలేదు, బూతుకీ లొంగలేదు.
తలుపు తట్టాడు.
మాట లేకుండా వచ్చి కూచున్నాడు.
వంతెన దగ్గర ఎర్రలైటు పడింది.
కారు నిశ్శబ్దమైపోయింది.
"ఆగిపోయింది" అన్నాడు. గొంతులో సంతోషం.
"ఆగలేదు బాబాయ్. ఊరుకుంది."
చాలాసేపు ఏమీ అనలేదు.
తెర మీది నీలాన్ని చూస్తూ
"ఇదేంటి?" అన్నాడు.
"సముద్రం."
"మరి ముందే చెప్పొచ్చుగా,
చెప్పులు విప్పి ఎక్కేవాణ్ణి."

మర్నాడు పొద్దున్నే కిందికి వెళ్ళాను.
నాలుగు టైర్ల మీదా
గడ్డకట్టిన పాలచుక్కలు.
అప్పు ఇంకా రెండేళ్ళ పైచిలుకు ఉంది.
పసుపు దీపం ఒకటి నిన్నటినుంచి
వెలుగుతూ ఆరుతూ ఉంది, దవాజావ్‌కి చూపించాలి.